ముందు రాత్రి మంచు గడ్డకట్టిందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వచ్చే ఏప్రిల్‌లో నలుగురు మిత్రులం మంచు కప్పిన ఒక కనుమను దాటాలనుకుంటున్నాం. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నడి చలికాలంలోనే ఎక్కువనీ, వసంతానికి మంచు సర్దుకుని గట్టిపడుతుందనీ విన్నాం. బాగా ఎండ కాసే రోజు చూసుకుని బయలుదేరితే సరిపోతుందా?

జవాబు: మీరు విన్నదాంట్లో సగమే నిజం. పగలు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ కొన్ని వారాలు గడిస్తే, చలికాలంలో పొరల మధ్య దాగిన బలహీనతలు చాలావరకు మాసిపోతాయి. అయితే ఆ గట్టితనం తెల్లవారుజామున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. కాబట్టి రేపు ఎండ కాస్తుందా అన్నదానికంటే ముందు రాత్రి ఎలా గడిచిందన్నదే మీరు ముఖ్యంగా చూడవలసిన విషయం.

ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు పైపొర తనలోని వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది కనుక, గాలి ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైన ఉన్నప్పటికీ అది గడ్డకట్టవచ్చు. మబ్బు కమ్మితే ఆ వేడి బయటికి పోదు. థర్మామీటరు సున్నా చూపినా ఉదయానికి పలచని పెచ్చు మాత్రమే మిగులుతుంది, దాని కింద నిన్నటి తడి మంచు అలాగే ఉంటుంది. అందుకే వాతావరణ సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రతతోపాటు రాత్రి మబ్బు సంగతి కూడా చూడండి. రెండు మూడు రాత్రులు వరుసగా గడ్డకట్టకపోయినా, మంచు మీద వాన కురిసినా ఏటవాలు ప్రాంతాల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కరిగిన నీరు లోపలికి దిగి, గట్టి పొర దగ్గరో నేల దగ్గరో ఆగి, మంచు రేణువుల మధ్య ఉన్న పట్టును వదులు చేస్తుంది. ఏడాదిలో మొదటిసారి నీరు లోతుకు దిగే రోజులు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. ఆ తరువాత మంచులో నీటి దారులు ఏర్పడి కాస్త నిలకడ వస్తుంది. చలికాలమంతా నిద్రపోయిన లోతు పొర కూడా ఆ మొదటి తడికే మేలుకొని, వాలు వాలంతా పలకగా జారవచ్చు.

ఎన్ని గంటలకు తిరిగి రావాలో గడియారం చూసి చెప్పలేం. ఉత్తరార్ధగోళంలో తూర్పు వాలు ముందుగా, దక్షిణపు వాలు నడిపొద్దుకు, పడమటి వాలు మధ్యాహ్నం తరువాత మెత్తబడతాయి. ఉత్తరపు వాలు మీద చలికాలపు పొడి మంచు, దాని పాత బలహీనతలతో సహా, ఇంకా మిగిలి ఉండవచ్చు. కాబట్టి ఎక్కే వాలు ఏ దిక్కుకు ఉందో, దిగే వాలు ఏ దిక్కుకు ఉందో ముందే చూసుకుని, దిగడం ముగియవలసిన వేళ నుంచి వెనక్కి లెక్కించి చీకటి ఉండగానే బయలుదేరాలి.

దారిలో కాలే మీకు కొలబద్ద. బూటు అంచు మాత్రమే దిగుతున్నంతసేపు ఫరవాలేదు. చీలమండ దాటి తడి మంచులోకి దిగబడుతోందంటే అప్పటికే ఆలస్యమైంది. నల్లని బండలు పైకి తేలిన చోట ఒకసారి ఆగి చూడండి: బండ వేడెక్కి, దాని చుట్టూ ఉన్న మంచు ముందుగా సడలుతుంది, అక్కడి నుంచి చిన్న ముద్దలు జారి బండిచక్రంలా చుట్టుకుంటూ కిందికి దొర్లుతాయి. ఆ ముద్దలు ఒకదాని వెనుక ఒకటి రావడం మొదలైతే ఆ వాలును వదిలేయండి, ముఖ్యంగా దాని కింద ఇరుకైన వాగు గానీ కొండ అంచు గానీ ఉంటే. తడి మంచు పొడి మంచంత వేగంగా రాదు, కానీ చాలా బరువైనది. చిన్న జారుడు కూడా మనిషిని అంచు మీదుగా తోసేయగలదు.

శిఖరాంచున గాలి పేర్చిన మంచు చూరుల కిందా, నున్నని బండ మీద మంచు మొత్తంగా జరుగుతూ నోరు తెరిచిన పగుళ్ల కిందా విశ్రాంతికి ఆగవద్దు. అవి ఎప్పుడు పడతాయో అనుభవజ్ఞులు కూడా చెప్పలేరు. ఇక దారిలో కొత్త మంచు కురిస్తే, క్యాలెండరు ఏమన్నా అది చలికాలమే అనుకోండి.

ప్రశ్న: గట్టిగా అరిస్తే మంచు చరియలు విరిగిపడతాయా?

జవాబు: విరిగిపడవు. గొంతుకు అంత బలం లేదు. మనుషులు చిక్కుకున్న మంచు చరియల్లో దాదాపు 90 శాతం వాళ్ల బరువు వల్లనో, తోటివాళ్ల బరువు వల్లనో కదిలినవే. అందుకే అనుమానమున్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగిలినవాళ్లు భద్రమైన చోట నిలబడి చూస్తుండాలి.

ప్రశ్న: మా అందరి ఫోన్లలో జీపీఎస్ ఉంది. మంచులో కూరుకుపోయినవారిని రేడియో సంకేతంతో వెతికే ట్రాన్సీవర్ విడిగా కొనడం అవసరమా?

జవాబు: అవసరమే. మంచులో కూరుకుపోయిన ఫోను ఎక్కడుందో పైనున్నవారికి చెప్పలేదు. ట్రాన్సీవర్లన్నీ 457 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యం మీదే పనిచేస్తాయి కనుక ఏ కంపెనీదైనా మరొకదాన్ని వెతకగలదు. దానితోపాటు మంచులో గుచ్చి చూసే ప్రోబ్ కర్ర, లోహపు పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఎందుకంటే కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి 10–15 నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది. ఆగిన మరుక్షణం బిగుసుకుపోయే తడి మంచును చేతులతో తవ్వలేరు. ఫోనును ట్రాన్సీవరుకు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, లేకపోతే సంకేతం చెదురుతుంది. బయలుదేరే ముందు నలుగురి పరికరాలూ సంకేతం పంపుతున్నాయో లేదో ఒకరివొకరు పరీక్షించుకోండి.