చెక్క నేల ఊగుతోందా? ముందు బయటి గోడ చూడండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు కొన్నాం. ముందు గదిలో చెక్క నేల ఊగుతోంది, ముక్కిన వాసన వస్తోంది. వంటింటి నీళ్లు కూడా సరిగా పోవట్లేదు. మేమే బాగుచేసుకోవచ్చా?

జవాబు: నేల పని చాలావరకు చేసుకోవచ్చు. కానీ పలకలు మార్చే ముందు బయటి గోడ అడుగున ఉండే చిల్లుల ఇటుకలు చూడండి, వాటిలోంచే గాలి నేల కిందికి వెళ్లి పలకలను మోసే దూలాలను పొడిగా ఉంచుతుంది, చలిగాలి వస్తోందని చాలామంది వాటిని సిమెంటుతో మూసేస్తారు, లేదంటే పూలమొక్కల మట్టి పేరుకుని మూసుకుపోతాయి. అవి తెరిచాక ఒక పలక లేపి, గోడలోకి వెళ్లిన దూలం కొసను స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మొన సులువుగా దిగిందంటే కొస కుళ్లినట్టే. కుళ్లింది కోసేసి, పక్కన కొత్త దూలం ముక్క పెట్టి బోల్టులతో బిగించాలి. పలకల కింద గ్యాస్ పైపులు, కరెంటు వైర్లు ఉంటాయి, దయచేసి జాగ్రత్త!

పాత ఇల్లు కాబట్టి వీధిలోంచి వచ్చే నీళ్ల పైపును కూడా గీసి చూడండి, మెత్తగా ఉండి వెండిలా మెరిస్తే అది సీసం, ఆ లోహం తాగే నీళ్లలో కలిస్తే విషమే. ఇంట్లో చిన్నపిల్లలుంటే అస్సలు ఆలస్యం చేయకుండా మార్పించండి.

డ్రెయినేజీకి మాత్రం గునపం పట్టకండి. పక్కింటితో కలిసిన లైను అయితే 2011 అక్టోబరు నుంచి సాధారణంగా నీటి కంపెనీదే బాధ్యత, ముందు వాళ్లకు ఫోన్ చేయండి.