దేవుడి న్యాయానికి వెల కట్టేవాణ్ని నమ్మకు

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ప్రభువు నామంలో దీవించి రాయునది.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను. అప్పుడు ఏమీ అనలేదు. ఏడుస్తున్న మనిషికి బుద్ధులు చెప్పకూడదు. నిద్ర పట్టక తెల్లవారుజామునే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో అయితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మనసు కుదుటపడ్డాక మళ్లీ చదువుకుంటావు.

ముందు ఒక మాట. నీకు జరిగింది అన్యాయం. మీ ఆయన పోయి మూడేళ్లు తిరగకముందే ఆయన అన్న, మీ బావగారు, మీ ఎకరన్నర పొలాన్ని తన పాసు పుస్తకంలో ఎక్కించుకుని పొగాకు వేశాడు. నీ ఇద్దరు పిల్లలు ఆ చేను పక్కనుంచే బడికి నడిచి వెళుతున్నారు. దీన్ని ఏ పేరుతోనూ చిన్నది చేసి మాట్లాడను. "దేవుడు చూస్తున్నాడా అత్తయ్యా?" అన్నావు. అలా అడగడం పాపమేమోనని మళ్లీ నువ్వే భయపడ్డావు. పాపం కాదు తల్లీ. దుష్టులు బలిసి సుఖంగా ఉంటే చూడలేక ఆసాపు అడిగాడు, 73వ కీర్తన చదువు. ఎంతకాలం మొరపెట్టాలని హబక్కూకు ప్రవక్త అడిగాడు. అబ్రాహాము దేవుడి ఎదుటే నిలబడి, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్నాడు. ఈ ప్రశ్నలను దేవుడు తన గ్రంథంలో రాయించి ఉంచాడే గానీ చెరిపించలేదు.

నాకు భయం వేసింది నీ ప్రశ్నకు కాదు, దానికి నువ్వు వెళ్లిన ఆ ప్రార్థన సభలో నీకు దొరికిన జవాబుకు.

పందిట్లో వేదిక మీద ఉన్నాయన ఉన్నట్టుండి కళ్లు మూసుకుని, "కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక విధవరాలు, పొలం తగాదా, ఇద్దరు బిడ్డలు, ప్రభువు నాకు చూపిస్తున్నాడు" అన్నాడని చెప్పావు. ఒళ్లు జలదరించిందన్నావు. నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న గుర్తుందా? "లోపలికి వెళ్లేటప్పుడు ఏమైనా రాసిచ్చావా?" అన్నాను. ప్రార్థన చీటీ రాసిచ్చానన్నావు. ఊరు, పేరు, ఫోను నంబరు, ప్రార్థన అంశం. రాయడం రాని ముసలమ్మల దగ్గర కార్యకర్తలు కూర్చుని అన్నీ అడిగి రాసుకుంటున్నారని కూడా నువ్వే చెప్పావు. ఆ చీటీలు పందిరి గుంజకు కట్టి ఉండిపోవు కదమ్మా. వేదిక వెనక్కి వెళతాయి. నువ్వు చేత్తో రాసిచ్చిన మాటే మైకులో నీకు తిరిగి వినిపించింది.

ఇది నీ తెలివితక్కువతనం అనుకోకు. మూడేళ్లుగా నీ గోడు ఎవరూ వినలేదు. వేలమందిలో నిన్ను పేరు పెట్టి పిలిచినట్టు అనిపిస్తే ఎవరి గుండె అయినా కరిగిపోతుంది. నా గుండె కూడా అలాగే కరిగింది. ఇది మీ నాన్నకు తెలుసు గానీ మీ తరానికి ఎప్పుడూ చెప్పలేదు.

1989లో మా పెద్దవాడికి, అదే మీ పెద్ద బావకు, ఆరేళ్లు. మూర్ఛ వచ్చేది. నెల్లూరులో డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దన్నాడు. మాత్రలు వాడుతుంటే ఐదు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. ఆ సమయంలో ఒక స్వస్థత సభకు తీసుకెళ్లాను. అక్కడ చెయ్యి పెట్టి ప్రార్థించిన మనిషి, "స్వస్థత అయిపోయింది, ఇంకా మందు మింగడమంటే ప్రభువును అనుమానించడమే" అన్నాడు. ఇంటికి వచ్చి మాత్రల సీసా గూట్లో వెనక్కి నెట్టేశాను. తొమ్మిదో రోజు పొద్దున పిల్లవాడు పళ్లు తోముకుంటూ బోరింగు దగ్గర పడిపోయాడు. సిమెంటు గట్టు అంచు తగిలి కనుబొమ్మ చీలింది. ఒకసారి వచ్చి ఆగలేదు, వెంట వెంటనే మూడుసార్లు వచ్చింది. మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఇలాగే తిరగబడుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. వాడి ఎడమ కనుబొమ్మ మీద వెంట్రుకలు లేని చోటు ఎప్పుడైనా గమనించావా? అది నా తప్పు గుర్తు.

ఆ మనిషికి ఉత్తరం రాశాను. "తల్లికి విశ్వాసం చాలలేదు" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఏడాదిపాటు నేను ప్రార్థన చేయలేకపోయాను. మోకరిస్తే ఆ వాక్యమే వినిపించేది. అప్పట్లో మా ఊరి పాస్టరమ్మ రోజూ సాయంత్రం గంజి తెచ్చి పక్కన కూర్చునేది. వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. పిల్లవాడికి వేళకు మాత్ర వేశానా లేదా అని మాత్రం అడిగేది. నన్ను తిరిగి దేవుడి దగ్గరికి నడిపించింది ఆమె.

అప్పటినుంచి ఎవరైనా "ప్రభువు చెప్పాడు" అంటే నేను చూసేది ఒకటే: ఆ మాట జరగకపోతే తప్పు ఎవరి మీదికి వెళుతుంది? మోసంలో తప్పు ఎప్పుడూ వినేవాళ్ల నెత్తినే పడుతుంది. నీ విశ్వాసం చాలలేదు, నీ కానుక చాలలేదు, నీ ఇంట్లో శాపం ఉంది. చెప్పినవాడు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాడు. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం దీనికి పూర్తిగా ఎదురుగా మాట్లాడుతుంది. చెప్పిన మాట జరగకపోతే ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడని అర్థం, అతనికి భయపడవద్దు అంటుంది. విన్నవాడి మీద నేరం వేయలేదు.

నీకు చెప్పిన శాపం సంగతి కూడా చూద్దాం. మీ జేజమ్మ ఎప్పుడో ఊరి దేవతకు మొక్కుకున్నదట, ఆ శాపం మీ ఇంటిని పట్టి పీడిస్తున్నదట. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక మీదట ఎవరూ పలకకూడదని దేవుడే యెహెజ్కేలు 18వ అధ్యాయంలో ఆజ్ఞాపించాడు. ఆయన వద్దన్న సామెతను ఆయన పేరుతోనే నీకు అమ్మారు. మీ జేజమ్మ బతికినన్నాళ్లూ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి మన ప్రార్థన గుడి కోసం డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా మోసుకెళ్లింది నువ్వే. ఆ బియ్యానికి ఆమె ఏమీ తిరిగి అడగలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. కానుక అంటే అది.

ఇప్పుడు కానుక కోసం నువ్వు తాకట్టు పెట్టిన ఆ గాజుల సంగతి. నలభై వేలు "విత్తనం" వేస్తే, అంటే కానుక కడితే, నలభై రోజుల్లో పొలం తిరిగి వస్తుందని చెప్పారు. బాధలో ఉన్న నీకు అది గట్టి మాటలా వినిపించింది. నాకైతే ఆ రెండు నలభైలూ చాలు. వెల కట్టాడు, గడువు పెట్టాడు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక వెండి బంగారాలు ఇవ్వబోతే ఎలీషా ప్రవక్త ముట్టుకోలేదు. వెనకాలే పరిగెత్తి అడిగి తెచ్చుకున్నవాడు ఆయన పనివాడు గేహజీ, ఆ కుష్ఠు అతనికే అంటింది. ఇక గడువు అంటావా, మన ఒంగోలు ప్రార్థన కొండనే తలుచుకో. 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. నెల్లూరు మిషన్ మూసేద్దామని అమెరికాలో మాటలు నడుస్తున్న రోజులవి. ఆయన తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. కొండ దిగి వచ్చిన వాళ్లలో ఎవరికీ దేవుడు తేదీ రాసి ఇవ్వలేదు.

క్లౌ దొర గురించి మా నాన్న చెప్పేవాడు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని, పని చూపించి వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కూలి మీద బతుకుతున్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. తిండి కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తెలియాలి కదా అని. కరువు పని ఆగి, ఇక ఇచ్చేదేమీ లేదన్నాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆకలితో ఉన్నవాళ్ల అవసరాన్ని అడ్డం పెట్టుకోకూడదని ఆయన చేతికి అందినదాన్ని వెనక్కి నెట్టాడు. నీ అవసరాన్ని చూసి గాజులు తీయించినవాళ్లను ఆయన పక్కన నిలబెట్టి చూడు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నీకు నొప్పి కలిగించవచ్చు. "అగ్ని ప్రార్థన చేశారు అత్తయ్యా, నలభై రోజుల్లో బావగారు మంచం పడతాడట" అని చెప్పేటప్పుడు నీ గొంతులో ఊరట వినిపించింది. అది విన్నాకే నాకు నిద్ర పట్టలేదు. "పగతీర్చుట నా పని" అని ప్రభువు అన్నాడంటే దాన్ని ఆయన చేతికి వదిలేయమని. డబ్బు కట్టి పురమాయించమని కాదు. బావగారి చిన్నది మీ వాడితో కలిసి ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నది. ఆ పిల్ల తండ్రి మంచం పడితే నీ ఎకరన్నరలో ఏమి పండుతుంది చెప్పు?

కానీ పగ వదిలేయడం వేరు, హక్కు వదిలేయడం వేరు. కోర్టుకు వెళ్లడం అవిశ్వాసమని ఆ సభలో అన్నారట. రోమా పత్రిక 12వ అధ్యాయం పగ తీర్చుకోవద్దని ముగుస్తుంది, వెంటనే 13వ అధ్యాయం అధికారులు దేవుని పరిచారకులని మొదలవుతుంది. పౌలు తనకు అన్యాయం జరుగుతుంటే రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. ఎలీషాకు ఆతిథ్యమిచ్చిన షూనేమీయురాలు ఏడేళ్ల కరువు తర్వాత తిరిగి వచ్చి ఏమి చేసింది? నేరుగా రాజు దగ్గరికి వెళ్లి నా ఇల్లు, నా పొలం ఇప్పించమని మొరపెట్టుకుంది. రాజు ఒక అధికారిని వెంట పంపి, ఆమె లేనప్పటి పంటతో సహా ఇప్పించాడు. రెండో రాజుల గ్రంథం 8వ అధ్యాయం, ఈ రాత్రికే చదువు.

నాబోతు సంగతి కూడా దాచను. అతని ద్రాక్షతోట అతనికి తిరిగి రాలేదు. అబద్ధ సాక్ష్యాలతో చంపేశారు. అహాబు రాజు ఆ తోట స్వాధీనం చేసుకోవడానికి వెళ్లిన చోటే ఏలీయా ప్రవక్త ఎదురొచ్చి నిలదీశాడు. ఆ తర్వాతి అధ్యాయంలోనే అదే అహాబు చుట్టూ నాలుగు వందల మంది ప్రవక్తలు చేరి యుద్ధంలో నీదే గెలుపు అన్నారు. మీకాయా అనే ప్రవక్త ఒక్కడే నిజం చెప్పి చెంపదెబ్బ తిన్నాడు, చెరసాలకు వెళ్లాడు. అందుకే నీ పొలం తప్పకుండా వస్తుందని నేను చెప్పను. నాకు దేవుడు అలా చెప్పలేదు. నీకు జరిగింది ఆయన లెక్కలో ఉందని, ఆయన ఎదుట ఏ పాసు పుస్తకమూ దిద్దలేరని మాత్రం నా ప్రాణం పెట్టి చెబుతాను.

పాస్టర్లందరినీ అనుమానించమని కాదు ఇదంతా. మీ ఊళ్లో ఆ పాత సైకిలు మీద తిరిగే పాస్టరుగారు మీ ఆయన పోయిన రాత్రి తెల్లవార్లూ మీ అరుగు మీదే కూర్చున్నాడు. అలాంటి వారిని గౌరవించు. ఎవరు ఏమి చెప్పినా ఇంటికి వచ్చి బైబిలు విప్పి సరిచూసుకో. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నది విశ్వాసులకు రాసిన మాటే.

ఇక చేయవలసిన పనులు. విత్తన కానుకలో ఇంకా ఇరవై వేలు బాకీ అన్నావు, అది కట్టకు. ఫోను వస్తే మా అత్తయ్యతో మాట్లాడండి అని నా నంబరు ఇవ్వు. నువ్వు వాదించలేవు, నేను వాదించగలను. తాకట్టు గాజుల వడ్డీ ఈ నెల నేను పంపుతాను, మొహమాటపడకు.

పొలం మీ ఆయన సొంత పేరున ఉంది, వీలునామా లేదు. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు. పిల్లలు ఉండగా అన్నదమ్ములకు వాటా లేదు. ప్లీడరు ఫీజుకు భయపడుతున్నావు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టాలి. నేను నీతో వస్తాను.

శనివారం మొదటి బస్సుకు బయలుదేరు. మీ ఆయన మరణ ధృవపత్రం, పాత పాసు పుస్తకం, శిస్తు రసీదులు, కుటుంబ సభ్యుల ధృవపత్రం ప్లాస్టిక్ సంచిలో పెట్టి పట్టుకురా. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, తీయించకపోతే సోమవారం ఇద్దరం కలిసి తీయిద్దాం. పిల్లలను కూడా తీసుకురా. ఆదివారం సాయంత్రం కొండ మీదికి వెళ్లి కాసేపు కూర్చుందాం. నా మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వకపోతే కింద చెట్టు నీడలోనే కూర్చుని ప్రార్థన చేసుకుందాం.

నీ అత్తయ్య