గోడ మీది ఆరు పేర్లు, వాటి పక్కన రాయని ఉద్యోగాలు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడు చదువుతున్నాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మయామీ హీట్ జట్టంటే పిచ్చి. తెల్లవారుజామున అయిదింటికే లేచి ఫోన్‌లో మ్యాచ్‌లు చూస్తాడు. గది గోడ మీద ఆ జట్టు హెడ్ కోచ్‌ల పేర్లు, సంవత్సరాలతో సహా రాసుకున్నాడు. ‘నేనూ కోచ్‌నవుతా, హీట్ కోచ్ స్పోల్‌స్ట్రాకి వెయ్యి కోట్లిచ్చారు తెలుసా’ అంటున్నాడు. చదువు మానేస్తాడేమోనని వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్. అసలిది కెరీరేనా? ఆ మ్యాచ్‌ల సబ్‌స్క్రిప్షన్ ఆపేయమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: వెయ్యి కోట్ల మాట నిజమేనండీ. 2024 జనవరిలో ఎరిక్ స్పోల్‌స్ట్రాతో మయామీ జట్టు ఎనిమిదేళ్ళకు 12 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుందని వార్తలొచ్చాయి. మన లెక్కలో అటూ ఇటుగా వెయ్యి కోట్లే. కాకపోతే ఎన్‌బీఏలో ఉన్నది 30 జట్లు, అంటే 30 కుర్చీలు. ఆ కుర్చీని చూసి కెరీర్ ఎంచుకోమని నేనెవరికీ చెప్పను. గోడ మీది జాబితాను మాత్రం చెరిపించకండి. ఒక్కో పేరు పక్కన, ఆ మనిషి ఆ కుర్చీ ఎక్కకముందు ఏం పని చేసేవాడో కూడా రాయమనండి. వాడు రాసేలోపు నేనూ ఇక్కడ రాస్తాను.

మొదటి పేరు రాన్ రోత్‌స్టీన్ అయ్యుంటుంది. 1988లో జట్టు పుట్టినప్పుడు ఆయనే కోచ్. అంతకుముందు న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు ఆట నేర్పారు. తర్వాత అట్లాంటా, డెట్రాయిట్ జట్లకు అసిస్టెంట్. మయామీ తన మొదటి 17 మ్యాచ్‌లూ వరసగా ఓడింది. పద్దెనిమిదోది లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ మీద 89-88తో, అంటే ఒక్క పాయింటుతో గట్టెక్కింది. ఆ సీజన్ మొత్తం మీద 15 గెలుపులు, 67 ఓటములు. 1991లో ఆయన దిగిపోయారు. గోడ మీద ఆయన కథ అక్కడితో అయిపోయి ఉంటుంది. నిజానికి అవ్వలేదు. ఏళ్ళ తర్వాత అదే జట్టుకు అసిస్టెంట్‌గా తిరిగొచ్చారు. 2007లో అప్పటి హెడ్ కోచ్ ఆపరేషన్ కోసం సెలవు పెడితే కొన్ని వారాలు జట్టును ఈయనే నడిపారు. ఆ తర్వాత, తనకన్నా పాతికేళ్ళకు పైగా చిన్నవాడు హెడ్ కోచ్ అయితే అతని పక్కన కూర్చుని పని చేశారు. ఒకప్పుడు తను ఏలిన బెంచీ మీద! మన దగ్గర హెడ్మాస్టరుగా చేసినాయన అదే బళ్ళో టీచరుగా వచ్చి కూర్చుంటే ఊళ్ళో ఎన్ని మాటలంటారో ఊహించుకోండి. ఈ వృత్తిలో అది మామూలే. మీవాడికి ఆ ఓర్పు ఉందా అన్నదే నా మొదటి ప్రశ్న.

రెండో పేరు కెవిన్ లాఫరీ. ఈయన పదకొండు సీజన్లు ఆడిన మనిషి. ఫిలడెల్ఫియా జట్టు 9 గెలిచి 73 ఓడిన 1972-73 సీజన్ మధ్యలో, ఆటగాడిగా ఉండగానే ఆ జట్టు కోచ్ బాధ్యత నెత్తిన వేసుకున్నారు. తర్వాత చాలా జట్లు తిరిగి మయామీకి వచ్చి 1992లో మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేర్చారు. 1995 ఫిబ్రవరిలో ఆయన్ని పంపేశారు. మిగిలిన 36 మ్యాచ్‌లకు తాత్కాలిక కోచ్ ఆల్విన్ జెంట్రీ, గోడ మీది మూడో పేరు. 15 గెలిచారు, 21 ఓడారు. పర్మనెంట్ చేయలేదు. ఆయనేమీ ఇంట్లో కూర్చోలేదు, తర్వాత నాలుగైదు జట్లకు హెడ్ కోచ్‌గా చేశారు. ‘టెంపరరీ ఉద్యోగం ఎందుకురా’ అని పిల్లల్ని ఆపే తల్లిదండ్రులు ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి.

నాలుగో పేరు పాట్ రైలీ. 1972లో లేకర్స్ జట్టుతో ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆటగాడే, కానీ ఆ జట్టులో పెద్ద స్టార్ కాదు. ఆట ఆగిపోయాక కామెంటరీలో చేరారు. 1979లో లేకర్స్ హెడ్ కోచ్ సైకిల్ మీద నుంచి పడి తీవ్రంగా గాయపడ్డారు. ఆయన అసిస్టెంటు హెడ్ కోచ్ అయ్యాడు, అతనికో అసిస్టెంటు కావాల్సి వచ్చింది. మైకు ముందున్న రైలీని పిలిచారు. రెండేళ్ళకు ఆ కొత్త కోచ్‌నీ తీసేశారు, కుర్చీ రైలీదైంది. ఆ దశాబ్దంలో నాలుగు ఛాంపియన్‌షిప్‌లు. దీన్ని అదృష్టం అనేవాళ్ళున్నారు. అదృష్టం ఆయన్ని బెంచీ దాకానే తెచ్చిందని నా లెక్క.

1995లో రైలీ మయామీ వచ్చారు. 2003లో సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు తప్పుకుని, ఎనిమిదేళ్ళుగా తన కింద పనిచేసిన స్టాన్ వాన్ గండీకి అప్పగించారు. అదే అయిదో పేరు. వాన్ గండీ రెండో ఏడు 59 మ్యాచ్‌లు గెలిపించారు. అయినా 2005 డిసెంబరులో రాజీనామా చేశారు. కుటుంబం కోసమని చెప్పారు. దాని వెనక ఇంకేముందో అన్న చర్చ అక్కడ ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. రైలీ మళ్ళీ దిగి 2006లో జట్టుకు మొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చారు. ఫైనల్స్‌లో డల్లాస్ మీద మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచారు. అంతటి మనిషికీ రెండేళ్ళకు, 2007-08లో, మళ్ళీ సరిగ్గా 15 గెలుపులు, 67 ఓటములే మిగిలాయి. జట్టు పుట్టిన ఏడాది అంకెలే!

ఇక ఆరో పేరు దగ్గరికి వద్దాం. మీవాడికి అసలు పనికొచ్చేది ఇదే.

స్పోల్‌స్ట్రా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పోర్ట్‌లాండ్‌లో కాలేజీ జట్టుకు ఆడారు. తర్వాత జర్మనీలో ఒక చిన్న క్లబ్బులో రెండేళ్ళు ఆడుతూ, అక్కడి పిల్లలకు కోచింగ్ ఇచ్చారు. 1995లో మయామీ వీడియో గదిలో చేరారు. అప్పటికాయనకు 24 ఏళ్ళు. అవి వీడియో టేపుల రోజులు. రేపటి ప్రత్యర్థి ఆడిన మ్యాచ్‌లు రికార్డు చేయాలి, ముందుకీ వెనక్కీ తిప్పాలి, అవసరమైన ముక్కలు కత్తిరించి కోచ్‌ల బల్ల మీద పెట్టాలి. కోచ్‌లు వచ్చే వేళకు ముక్కలు సిద్ధంగా లేకపోతే వీడియో కుర్రాడి రాత్రి నిద్ర సంగతి ఎవరూ అడగరు. అక్కడి నుంచి అసిస్టెంట్ కోచ్, ప్రత్యర్థుల్ని ముందే చూసి వచ్చే స్కౌట్, స్కౌటింగ్ విభాగం అధిపతి. 2004 ఒలింపిక్స్ నుంచి తిరిగొచ్చిన మయామీ ఆటగాడు డ్వేన్ వేడ్‌తో కూర్చుని, షాట్ వేసేటప్పుడు అతని ఒంటి బ్యాలెన్సు సరిదిద్దింది ఈయనే. 2008 ఏప్రిల్‌లో, ఆ 15-67 సీజన్ ముగియగానే, రైలీ ఆయన్ని హెడ్ కోచ్ చేశారు. వయసు 37. వీడియో గదిలో అడుగు పెట్టి పదమూడేళ్ళు. 2012, 2013ల్లో వరసగా రెండు ఛాంపియన్‌షిప్‌లు. తల్లిది ఫిలిప్పీన్స్. ఎన్‌బీఏలో ఆసియా మూలాలున్న మొదటి హెడ్ కోచ్ ఆయనే.

మొహమాటం లేకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన తండ్రి పోర్ట్‌లాండ్ ఎన్‌బీఏ జట్టు మేనేజ్‌మెంట్‌లో పెద్ద హోదాలో పనిచేసినవారు. ఆ ఇంటిపేరు తలుపు తెరిచే ఉంటుంది. మీవాడికి ఆ ఇంటిపేరు లేదు. అందుకే వాడి దారి ఇంకాస్త పొడుగు, ఆ మాట వాడితో ఇప్పుడే చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది. బీటెక్ మానేయడం అన్న ప్రసక్తే రాకూడదు. ఆ సీఎస్‌ఈ ఈ పనికి అడ్డం కాదు సరికదా, వాడి చేతిలో ఉన్న అసలు పనిముట్టు అదే. టేపుల కాలం పోయింది. ఇప్పుడు హడల్, సినర్జీ లాంటి సాఫ్ట్‌వేర్లలో మ్యాచ్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ పేరు పెడతారు. బంతి ఎవరి చేతిలో ఉంది, స్క్రీన్ (ప్రత్యర్థి దారికి అడ్డుగా నిలబడటం) ఎవరు పెట్టారు, డిఫెన్స్‌లో సాయం ఎటు నుంచి వచ్చింది, షాట్ ఎక్కడి నుంచి పడింది అని. ఆ వివరాల్లోంచి లెక్క తీయడానికి పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు కావాలి. ఆ రెండూ వాడు ఎలాగూ నేర్చుకోవాల్సినవే.

వచ్చే ఇంటర్ కాలేజీ టోర్నమెంటులో వాళ్ళ జట్టు మ్యాచ్‌ను స్టాండ్స్ పైనుంచి ఫోన్‌తో తీయించమనండి. ఇంటికొచ్చి, ఫ్రీ ఎడిటింగ్ యాప్‌లోనే అయినా సరే, తమ జట్టు బంతి పోగొట్టుకున్న ప్రతి సందర్భాన్నీ కత్తిరించి వరసగా పేర్చాలి. అందులో తను చేసిన తప్పులు కూడా ఉండాలి. దాన్ని ఆరు నిమిషాలకు కుదించి వాళ్ళ కోచ్‌కు చూపించాలి. ఇలా పది మ్యాచ్‌లు చేస్తే అది వాడి రెజ్యూమేలో మొదటి పేజీ. మూడో మ్యాచ్‌కే విసుగొస్తే అదీ మంచిదే, రెండేళ్ళు మిగిలినట్టు.

డిగ్రీ అయ్యాక కోచింగ్ వైపే వెళ్తానంటే పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. అందులో చేరాలంటే డిగ్రీతో పాటు పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు అడుగుతారు. కాబట్టి యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్ వదులుకోవద్దని చెప్పండి. విశ్లేషణ వైపు వెళ్తానంటే మన దేశంలో ఇప్పటికి ఎక్కువ ఉద్యోగాలు క్రికెట్‌లో ఉన్నాయి. రాష్ట్ర జట్లకూ, ఐపీఎల్ జట్లకూ వీడియో అనలిస్టులు ఉంటారు. ‘నాకు బాస్కెట్‌బాలే కావాలి’ అని మీవాడు మొహం ముడుచుకుంటాడు, తెలుసు. పని నేర్చుకునే చోటు ఏదైతేనేం?

అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎంఎస్ అంటూ కన్సల్టెన్సీల నుంచి ఫోన్లొస్తాయి. పొలమో ప్లాటో తాకట్టు పెట్టి ఆ కోర్సుకు పంపొద్దు. అక్కడ విలువంతా చదువుకుంటూనే కాలేజీ జట్టు దగ్గర చేసే పనిలో ఉంది. 2020లో లేకర్స్‌ను ఛాంపియన్ చేసిన ఫ్రాంక్ వోగెల్ కెంటకీ యూనివర్సిటీ జట్టు దగ్గర స్టూడెంట్ మేనేజర్‌గా మొదలై, బోస్టన్ సెల్టిక్స్‌లో వీడియో కోఆర్డినేటర్ అయ్యాడు. అలాంటి పని ఇస్తామని కాలేజీ జట్టు నుంచి రాతపూర్వకంగా మాట వస్తే, అప్పుడు మళ్ళీ నాకు రాయండి.

సబ్‌స్క్రిప్షన్ ఆపకండి. తెల్లవారుజామున లైవ్ చూడటం మాత్రం మానమనండి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక అదే మ్యాచ్‌ను ఆపి, వెనక్కి తిప్పి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూడాలి. లైవ్‌లో ఆ పని కుదరదు. పొద్దున మొదటి పీరియడ్‌లో కునుకు తీసే బాధ కూడా తప్పుతుంది.