టేపు వేసే ముందు

విశాఖపట్నం

చిరంజీవి సంధ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మాయి ఏటికొప్పాక బొమ్మలు అమెరికా వాళ్లకి అమ్ముతుందట, ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో షాపు తెరిచింది, ఎఫ్‌డీ కూడా బ్రేక్ చేసేసింది" అన్నాడు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో నీకు తెలుసు, రాయించకు. మీ దొడ్డమ్మ ఉండుంటే ఈపాటికి గాజువాక బస్సెక్కి మీ గుమ్మంలో దిగేది. ముప్పై ఒక్క ఏళ్లు పోర్టు ఏరియాలో క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో షిప్పింగ్ బిల్లుల మధ్యే బతికినవాణ్ణి నేను. నా తమ్ముడి కూతురు ఎగుమతి మొదలుపెడుతూ నాతో ఒక్క మాట చెప్పకపోవడం ఏమిటమ్మా? సరే, ఆ కోపం కలిసినప్పుడు చూసుకుందాం.

ముందు చిన్న పనులు. ఐఈసీ, అంటే ఎగుమతిదారు కోడ్, తీసుకున్నావా? విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ సైటులో 500 రూపాయలు, నీ పాన్ నంబరే కోడ్. ఏమీ మారకపోయినా సరే, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి అప్‌డేట్ చేయాలి, లేకపోతే కోడ్ ఆగిపోతుంది. విదేశీ డబ్బు నీ ఖాతాకి వచ్చే బ్యాంకు శాఖకి ఏడీ కోడ్ అని ఉంటుంది, ఆ ఉత్తరం అడిగి కస్టమ్స్ వాళ్ల సైటు ఐస్‌గేట్‌లో నమోదు చేయించు. జీఎస్టీలో ఎల్‌యూటీ, అంటే పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం, ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా వేయాలి. పోస్టులో పంపితే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, కొరియర్‌లో పంపితే కొరియర్ షిప్పింగ్ బిల్లు, రెండూ కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి కాగితాలే. పోస్టు వాళ్లు 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలని ఎగుమతి పార్సిళ్ల కౌంటర్లు నడుపుతున్నారు, బిల్లు ఇంట్లోనే కంప్యూటర్‌లో నింపుకుని వెళ్లొచ్చు. ఇవన్నీ నువ్వు నాకంటే త్వరగా చేసేస్తావు. వీటి గురించి నాకు బెంగ లేదు.

తూకం దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగు. కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. నలభై, ముప్పై, ముప్పై పెట్టె అనుకో. 7.2 కిలోలు అవుతుంది. లోపలి బొమ్మలు మూడు కిలోలే తూగినా నువ్వు కట్టేది 7.2 కిలోలకి. మన బొమ్మలు తేలిక, కానీ చోటు ఎక్కువ తింటాయి. అందుకని బొమ్మ చేయించేటప్పుడే పెట్టె గురించి అడగాలి: ఈ పల్లకి బొంగు ఊడి వస్తుందా, ఈ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇముడుతాయా అని. బొమ్మ తయారయ్యాక అడిగితే లాభం లేదు.

న్యూస్‌పేపర్ నేరుగా చుట్టకు. లక్క వేడికి మెత్తబడుతుంది. ఒక మే నెలలో మా ఇంటి మేడ మీద గదిలో పెట్టిన కుంకుమ భరిణె విప్పి చూస్తే, దాని ఎర్రటి మూత మీద పేపరు అక్షరాలు తిరగేసి అచ్చయి ఉన్నాయి. తుడిస్తే పోలేదు. ముందు బటర్ పేపర్, ఆ పైన ఏదైనా. చెక్క పెట్టె జోలికి వెళ్లకు, అట్టపెట్టె చాలు. పచ్చి చెక్కతో ప్యాకింగ్ చేస్తే ఆ చెక్కని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి ముద్ర వేయించాలి. ఆ ముద్ర లేదని మా పోర్టులోనే ఎంత సరుకు ఆగిపోవడం చూశానో. ఆస్ట్రేలియా వాళ్లయితే లోపలి బొమ్మని కూడా పురుగుందా, బెరడుందా అని చూస్తారు. బెరడు తగిలిన కొయ్య ఒక్కటి కూడా అటు పంపకు.

స్టాకు కింద గదిలో పెట్టావని మీ నాన్న అన్నాడు. ఈ వారంలోనే మేడ మీదికి మార్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నీకు పదేళ్లుంటాయేమో. కిటికీ అద్దాలు పగిలి, వాన అడ్డంగా ఇంట్లోకి కొట్టింది. నీళ్లు తోడి తోడి మీ దొడ్డమ్మ చేతులు బొబ్బలెక్కాయి. మన బొమ్మలు చేసే అంకుడు కొయ్య ఒకసారి తడిసి ఆరితే ఇంక అది మాట వినదు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఉత్తరం మొదలుపెట్టాను, ఇంతసేపు తిప్పుకుంటూ వచ్చాను.

2006లో మీ దొడ్డమ్మకి అమెరికా నుంచి ఒక ఆర్డరు వచ్చింది. అక్కడ చిన్న గిఫ్ట్ షాపు నడిపే ఆవిడ మనవాళ్లింట్లో పెళ్లికి వచ్చి పల్లకి బొమ్మ చూసి ముచ్చటపడింది. పల్లకి, నలుగురు బోయీలు, లోపల తల వంచుకున్న పెళ్లికూతురు. అవి 24 సెట్లు, మొత్తం 640 డాలర్లు. సగం అడ్వాన్సు పంపింది. మన ఇంటికి అప్పట్లో అది చిన్న డబ్బు కాదు. మీ దొడ్డమ్మ తుని బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో నాలుగుసార్లు ఏటికొప్పాక వెళ్లింది. బొమ్మలు చేసే పెద్దాయన పక్కన పీట వేసుకుని కూర్చునేదట. తిరుగుతున్న కొయ్యకి లక్క కర్ర ఆనించగానే ఆ రాపిడి వేడికి రంగు కరిగి పట్టేస్తుంది, మొగలి ఆకుతో ఒత్తగానే అద్దంలా తేలుతుంది. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చేతులు తిప్పుతూ చెప్పేది.

పెట్టె కట్టే రోజు ఆవిడ నుంచి మెయిల్ వచ్చింది. పైన గిఫ్ట్ అని రాయండి, విలువ 80 డాలర్లు వేయండి, నాకు సుంకం గొడవ ఉండదు అని. అప్పట్లో అమెరికాలో 200 డాలర్ల లోపు సరుకుకి సుంకం లేదు, గిఫ్టుకైతే 100. మీ దొడ్డమ్మ మెయిల్ చూపించి, "తప్పు కదండీ?" అంది. ఆఫీసులో చెక్‌లిస్టులో ఒక్క అంకె తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి చూసేవాణ్ణి నేను. కుర్రాళ్లని తిట్టేవాణ్ణి కూడా. ఆ రోజు ఇంట్లో మాత్రం "అందరూ ఇలాగే రాస్తారు, ఎవరు చూడొచ్చారు" అన్నాను. డిక్లరేషన్ ఫారం మీద గిఫ్ట్ దగ్గర నా చేత్తోనే టిక్కు పెట్టాను. 80 అని రాశాను.

ఆవిడ తన లెక్కల కోసం అసలు బిల్లు లోపల పెట్టమంది. అదీ నేనే పెట్టాను. 640 డాలర్ల బిల్లు నాలుగు మడతలు పెట్టి, పై వరస బొమ్మల మీద. ఒకే పెట్టె, బయట ఒక మాట, లోపల ఒక మాట.

అక్కడి కస్టమ్స్ వాళ్లు తెరిచారు. బిల్లు చూశారు. ఆపేశారు. తప్పు మాది, వాళ్లని అనడానికి లేదు. ఆవిడ తనకేం సంబంధం లేదంది. ఐదు నెలలకి పెట్టె మన ఇంటికి తిరిగొచ్చింది. టేపు మీద టేపు, ఒక మూల అణిగిపోయి ఉంది. మీ దొడ్డమ్మ వంటింటి చాకుతో కోసింది. తెరిచి చూసినవాళ్లు మనం చుట్టినట్టు మళ్లీ చుడతారా? 24 సెట్లలో తొమ్మిది బాగున్నాయి. మిగతావాటికి చేతులు విరిగి, బొంగులు విరిగి, పెట్టె అడుగున ఎర్ర లక్క పెచ్చులు. పరిహారం అడుగుదామంటే నేను రాసిన విలువ 80. బ్యాంకు వాళ్లు అడ్వాన్సు డబ్బుకి ఎగుమతి రుజువు అడిగారు. నా చేతిలో ఉన్నది గిఫ్టు రసీదు. ఆ అడ్వాన్సు తిరిగి పంపేశాం.

ఏటికొప్పాక పెద్దాయనకి ఇవ్వాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆయన అడగలేదు. అడగకపోవడమే మీ దొడ్డమ్మకి నిద్ర లేకుండా చేసింది. రెండు గాజులు అమ్మి, తనే వెళ్లి ఇచ్చి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇంకో ఆర్డరు పట్టలేదు. నేను అడిగినప్పుడల్లా "ఓపిక లేదండీ" అనేది. నలభై ఆరేళ్ల మనిషికి ఓపిక లేకపోవడం ఏమిటి?

మా హాల్లో షోకేసులో ముగ్గురు బోయీల పల్లకి ఉంటుంది చూడు. చిన్నప్పుడు "నాలుగో ఆయన ఏడీ పెదనాన్నా" అని అడిగేదానివి. మంచినీళ్లకి వెళ్లాడని చెప్పేవాణ్ణి. ఇదీ తల్లీ సంగతి. మీ నాన్నకి కూడా తెలియదు.

నిన్ను కూడా అడుగుతారు. ఇప్పుడు ఇంకా ఎక్కువ అడుగుతారు. అమెరికా వాళ్లు ఆ 200 డాలర్లని 2016లో 800 చేశారు. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకీ ఆ మినహాయింపు ఎత్తేశారు. మన పోస్టు కూడా ఆ ఆగస్టులో అటు పార్సిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకుని. ఇరవై డాలర్ల భరిణెకి కూడా సుంకం పడుతుంటే, గిఫ్ట్ అని రాయమనేవాళ్లు తగ్గుతారా? ఎంత మంచిగా అడిగినా, రివ్యూలో స్టార్లు తగ్గిస్తామని బెదిరించినా, అమ్మకం అనే రాయి, అమ్మిన ధరే రాయి. ఆర్డరు పోతే పోయింది. సుంకం ముందే లెక్క వేసి ధరలో కలుపుకో. రేటు మారుతూ ఉంటుంది, వారానికొకసారి చూడు. గుమ్మం దగ్గర డబ్బు కట్టమంటే కొనేవాళ్లు పెట్టె వద్దంటారు, తిరుగు ఖర్చు నీ నెత్తిన పడుతుంది.

యూరప్‌కి 150 యూరోల లోపు అమ్మితే అక్కడి అమ్మకం పన్ను వ్యాట్‌ని ఎట్సీ వాళ్లే వసూలు చేసి, అది కట్టినట్టు చెప్పే ఒక ఐఓఎస్ఎస్ నంబరు ఇస్తారు. ఆ నంబరు పోస్టు వాళ్ల ఎలక్ట్రానిక్ వివరాల్లో ఎక్కించకపోతే కొనేవాళ్లు అదే పన్ను రెండోసారి కడతారు. బ్రిటన్‌కి ఆ హద్దు 135 పౌండ్లు.

ఇంకొకటి. నీ షాపు పేజీ మీ నాన్న ఫోన్‌లో చూపించాడు. బొంగరం కింద "చిన్నపిల్లలకి చక్కటి ఆటవస్తువు" అని ఉంది. కస్టమ్స్ కోసం సరుకు రకం చెప్పే కోడ్ ఏది వేస్తున్నావు? ఆటవస్తువైతే 9503, చెక్క అలంకరణ వస్తువైతే 4420, గిన్నెలూ గరిటెలూ అయితే 4419. పేజీలో ఆటవస్తువని, ఫారంలో అలంకరణ అని రాస్తే అది నా 80 డాలర్లకి చెల్లెలే. అమెరికాలో పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లల వస్తువు అంటే 2008 చట్టం ప్రకారం ల్యాబులో పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఉంచుకోవాలి. రంగులు ఆకులవీ, గింజలవీ అని నీకూ నాకూ తెలుసు, అక్కడ కూర్చున్న అధికారికి కాగితం కావాలి. పరీక్ష చేయించేదాకా అలంకరణ వస్తువులే అమ్ము, పేజీలో కూడా అలాగే రాయి. నువ్వు పక్కన ఉండని చోట నీ తరఫున మాట్లాడేది ఆ ఫారమే కదమ్మా.

ఎఫ్‌డీ డబ్బులో కొంత పక్కన పెట్టు. పెట్టె విమానం ఎక్కకముందే బొమ్మలు చేసినవాళ్లకి మొత్తం ఇచ్చేయ్. అమెరికా నుంచి వచ్చాక ఇస్తాననకు. ఈ ఒక్కటీ నా మాట విను.

మొదటి పెట్టె టేపు వేయకుండా ఆదివారం ఇంటికి తీసుకురా, కాగితాలతో సహా. కళ్లద్దాలు మార్పించుకున్నాను, అంకెలు బాగానే కనిపిస్తున్నాయి.

ఈ ఉత్తరంతో పాటు మీ నాన్న చేత ఒక చిన్న పొట్లం పంపుతున్నాను. షోకేసులోని ముగ్గురు బోయీల్లో ఒకడు. ఏటికొప్పాక వెళ్లినప్పుడు ఇతన్ని కొలతకి చూపించి నాలుగో వాణ్ణి చేయించు. తలపాగా ఎరుపే ఉండాలి, ఎడమ భుజం మీద బొంగు ఆనే గాడి ఉండాలి. డబ్బు ముందే ఇవ్వు. పొట్లం విప్పేటప్పుడు తొందరపడకు. బటర్ పేపర్ మెడ చుట్టూ ఎలా తిప్పానో, చేతికీ ఒంటికీ మధ్య దూది ఎక్కడ పెట్టానో చూసుకుంటూ విప్పు.

మీ పెదనాన్న