ఫ్లెక్సీలు మానేసి బస్సెక్కండి

ప్రశ్న ఇదీ: "నిధులు తగ్గుతున్నాయి, ఖాళీలు నింపడం లేదు. ఈ పరిస్థితిలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ కార్యక్రమాలు (అంటే పరిశోధనను రైతు దాకా చేర్చే పని), కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు), ఏరువాక కేంద్రాలు (జిల్లాల్లో రైతులకు సలహాలిచ్చే కేంద్రాలు) రైతుకు పనికొచ్చేలా ఎలా ఉండాలి?"

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివి ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి. కానీ ఆఖరి సంవత్సరం రావెప్‌లో, అంటే ఊళ్లో రైతు దగ్గరుండి పని నేర్చుకునే ఆ నెలల్లో, ఒకటి గట్టిగా అర్థమైంది. నిధులు తగ్గగానే మొదట ఆగేది జీపులో డీజిల్. ఫ్లెక్సీ మాత్రం ఎప్పుడూ ఆగదు. నా కోపమంతా అక్కడే.

మాకు ఇచ్చింది కృష్ణా డెల్టాలో ఒక ఊరు. నన్నూ ఇంకో క్లాస్‌మేట్‌నీ ఐదెకరాల కౌలు రైతుకు అప్పజెప్పారు. బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఐదెకరాల్లోనూ బీపీటీ 5204, అదే సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన రకం. అన్నానికి దానికి వంక పెట్టేవాళ్లు ఉండరు గానీ, దోమకు, అంటే మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చే సుడిదోమకు, మాత్రం తట్టుకోలేదు.

నాట్ల ముందు మేం క్లాసులో విన్నది ఒప్పజెప్పాం. ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి బాబాయ్, గాలీ వెలుతురూ ఆడితే దోమ తగ్గుతుంది అని. ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. "అంటే ఎకరానికి తొమ్మిది సెంట్లు దారికి వదిలెయ్యాలా? ఆ తొమ్మిది సెంట్లకి కౌలు మీరు కడతారా బాబూ?" అన్నాడు. నిజంగానే తొమ్మిది సెంట్లు! మా పుస్తకంలో ఆ లెక్క లేదు. పక్కనున్న నాటు ముఠా మేస్త్రీ ఇంకో మాట వేసింది: తాడు పట్టి బాటలు వదిలి నాటాలంటే రేటు వేరే అని.

ఆ వారం ఊళ్లో మీటింగుకు ఒక శాస్త్రవేత్త సారు వచ్చారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. మీటింగయ్యాక బాబాయ్‌ని పక్కకు పిలిచి, "పోయినేడు మీ పొలంలో గట్టు పక్క వరసలో పిలకలు ఎక్కువా, మధ్యలో ఎక్కువా?" అని అడిగారు. "గట్టు పక్కనేనండి." "బాట తీస్తే ప్రతి రెండు మీటర్లకూ అలాంటి వరసలే వస్తాయి." బాబాయ్ కాసేపు ఆలోచించి ఒక్క ఎకరానికి ఒప్పుకున్నాడు. అంతకంటే ఒక్క సెంటు ఎక్కువ లేదు.

అక్టోబరులో ముసురు పట్టి వదిలింది. పైరు పొట్ట దశలో ఉంది. ఒకరోజు పొద్దున్నే బాబాయ్ మందుల కొట్టు నుంచి చీటీ తెచ్చాడు. నాలుగు రకాల మందులు, అన్నీ కలిపి కొట్టాలట. డబ్బులు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు, ఖాతాలో రాసుకుంటారు, పంట అమ్మాక కట్టాలి. నాకు టెన్షన్ వచ్చి సారుకి ఫోన్ చేశాను. ఆయన పనిచేసే కేంద్రంలో జీపుంది, డీజిల్ లేదు. ఆయన ఆర్టీసీ బస్సెక్కి, స్టాపు నుంచి ఎవరి బండో ఆపి ఎక్కి, పదకొండింటికల్లా పొలం దగ్గరున్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగారు. దుబ్బును వంచి రెండు తట్లు తట్టారు. నీళ్ల మీద గోధుమరంగు దోమ పొట్టులా తేలింది. "లెక్కపెట్టవయ్యా" అన్నారు నన్ను. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. బాబాయ్ అలా వంగి చూడటం అదే మొదటిసారి అనుకుంటా. రోజూ గట్టు మీద నుంచి చూస్తే పైరు పచ్చగానే కనిపించేది మరి.

తర్వాత చీటీ అడిగి పెన్నుతో మూడు కొట్టేశారు. అందులో ఒకటి సింథటిక్ పైరిథ్రాయిడ్. అది పడితే దోమను తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ ముందు చస్తాయి, ఆ తర్వాత దోమ రెట్టింపై వస్తుంది. నీళ్లు తీసేసి పొలం ఆరగట్టమన్నారు. మిగిలిన ఒక్క మందూ మొదళ్లు తడిసేలా కొట్టమన్నారు. కాలిబాటల విలువ అక్కడ తెలిసింది. ఆ ఎకరంలో మనిషి బాట వెంట నడుస్తూ నాజిల్ కిందికి పెట్టి కొట్టుకుంటూ పోయాడు. మిగతా నాలుగెకరాల్లో కర్రలతో పాయలు తీసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. సగం మందు ఆకుల మీదే పడింది. అక్కడ రెండు చోట్ల సుళ్లు సుళ్లుగా మాడింది. బాటలున్న ఎకరం నిలబడింది. ఒక్క పొలం చూసి ఇంత ధీమాగా చెప్తాడేంటి అనుకుంటారేమో, అనుకోండి.

అసలు విషయం ఆ తర్వాతి వారం జరిగింది. సారు ఎవరూ పిలవకుండానే మళ్లీ వచ్చారు. మళ్లీ దుబ్బులు తట్టారు, లెక్కపెట్టారు, ఇక మందు అక్కర్లేదని వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక బాబాయ్ అన్న మాట: "మందు కొనమని చెప్పడానికి రెండోసారి వచ్చినోళ్లని చూశాను గానీ, వద్దని చెప్పడానికి వచ్చినాయన్ని ఇప్పుడే చూస్తున్నా." మరుసటేడు ఐదెకరాల్లోనూ బాటలు తీశాడు.

మొదటి కేవీకే 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. ఇప్పుడు దేశంలో 700 పైనే ఉన్నాయి. అయినా 2003 నాటి జాతీయ నమూనా సర్వే చూడండి. కొత్త సాగు పద్ధతుల సమాచారం ఎక్కడో ఒకచోట నుంచి అందిందని చెప్పిన రైతు కుటుంబాలు 40 శాతమే. వాళ్లకు చెప్పినవాళ్లలో ముందున్నది తోటి రైతు, ఆ తర్వాత మందుల డీలరు, రేడియో. మొత్తం రైతు కుటుంబాల్లో విస్తరణ ఉద్యోగి పేరు చెప్పినవి 6 శాతం లోపు. కేవీకేకి ఒక శాతం కూడా లేదు. లెక్క పాతదే, ఈలోగా ఫోన్లు వచ్చాయి, నిజమే. కానీ కొట్టువాడి బలం ఫోన్‌తో పోయేది కాదు. పొద్దున ఆరింటికే షట్టర్ తీస్తాడు, అప్పిస్తాడు, పేరు పెట్టి పలకరిస్తాడు. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ 2003లోనే ఈ డీలర్లకు ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. చవకైన, తెలివైన పని అది. దాన్ని చిన్నచూపు చూసే ప్రొఫెసర్లంటే నాకు పడదు.

మన కరపత్రాలు ఇంకో గొడవ. "లీటరు నీటికి 1.6 మి.లీ. చొప్పున పిచికారీ చేయవలెను" అని ఉంటుంది. రైతు లీటర్లలో కొట్టడు, ట్యాంకుల్లో కొడతాడు. కొట్టువాడు "ట్యాంకుకి ఒక మూత" అంటాడు, పని అయిపోతుంది. ట్యాంకు లెక్కలో రాయడానికి ఏ బడ్జెట్ కావాలి? ఇక కిసాన్ మేళాల సంగతి ఎత్తను, ఎత్తితే ఆగను. శాలువాలు, స్టేజీ మీద పదకొండు కుర్చీలు, ఎండలో టెంటు కింద రైతులు, చివర్లో హాజరు కాగితం మీద సంతకాలు. పైకి పోయే రిపోర్టులో ఉండేది ఆ సంతకాల సంఖ్యే. రెండోసారి వెళ్లిన పొలాలు ఎన్ని అని ఆ రిపోర్టులో ఒక గడి పెట్టి చూడండి, సగం మేళాలు వాటంతటవే ఆగిపోతాయి.

డబ్బు అడగని పని ఇంకొకటి ఉంది. ప్రతి ఏడాదీ రావెప్ పిల్లలు ఎలాగూ ఊళ్లకు వెళ్తారు. ప్రతి బ్యాచ్‌నూ కొత్త ఊరికి కాకుండా ఐదేళ్లు అదే ఊరికి పంపండి. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ రైతు పొలంలో ఏం చేశారో, ఏం దెబ్బతిన్నదో రాయించి తర్వాతి బ్యాచ్ చేతికివ్వండి. మా కాలేజీలో ఈ మాట అంటే, అన్ని మండలాలూ కవర్ కావాలి కదా అన్నారు. మేం దోమలు లెక్కరాసిన కాగితానికి రికార్డులో చోటు లేదు, ఫార్మాట్‌లో లేదట. అది బాబాయ్ ఇంట్లోనే ఉండిపోయింది.

మరుసటి ఖరీఫ్‌లో ఆయన ఫోన్ చేశాడు. నాట్లు ఎల్లుండి, తాడు పట్టడానికి మనుషులు తక్కువున్నారు, ఈ ఏడు మీ పిల్లలు ఎప్పుడొస్తారు బాబూ అని అడిగాడు. ఆ ఏడు మా కాలేజీ బ్యాచ్ వేరే మండలానికి వెళ్లింది.