వెడల్పు టైరు ఎయ్యాల్నా అని అడిగిన అల్లుడికి

అల్లుడూ, నువ్వు పంపిన ఫోటోలు చూసిన, వాయిస్ మెసేజు కూడ రెండు సార్లు విన్న. ఫోన్ల చెప్దామంటే నువ్వు ఊ ఊ అనుకుంట వింటవు, రేపు టైర్ల దుకాణంల కూసున్నంక వాడు ఏది చెప్తే దానికే తల ఊపుతవు, మీ అమ్మ పోలికే అది. గందుకే తీరుబడిగ టైప్ చేస్తున్న. అక్కడ నిలబడి తీసి చదువుకో.

మొన్న వానల చిట్యాల దాటినంక బ్రేకు కొడ్తె నీ సియాజ్ కారు జారిందన్నవు, మీ ఆఫీసు దోస్తేమో టైరు సన్నగుంది, 185 మిల్లీమీటర్ల వెడల్పుది తీసేసి 205ది ఎయ్యి, రోడ్డును గట్టిగ పట్టుకుంటది అన్నడు. నేనైతే వద్దంట. 28 ఏండ్లు ఆర్టీసీ డిపోల టైర్ సెక్షన్ల చేసినోన్ని కదా, చెప్పుడు మొదలుపెడ్తే ఆగను, ఓపిక చేసుకో.

ముందుగాల బండి ఎందుకు జారిందో చూడాలె. నువ్వు పంపిన మూడో ఫోటోల టైరు పక్కపొంటి డీఓటీ అని ఉండి చివర్ల 1418 అని నాలుగంకెలు కనవడ్తున్నయి. అంటే ఆ టైరు 2018ల 14వ వారం తయారైంది, ఏప్రిల్ మొదట్ల. అప్పటికి నీ పెండ్లి కూడ కాలే. రబ్బరు గిన్నేండ్లు మన నల్లగొండ ఎండలకు కాగి కాగి గట్టిపడ్తది, గోరుతోని నొక్కి చూడు, కొత్త టైరు లెక్క మెత్తగ దిగదు. ఇగ గీతల నడుమ చిన్న చిన్న దిమ్మెలుంటయి చూడు, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, టైరు అరిగి అరిగి ఆ దిమ్మెకు సమానమైతే దాని పని ఖతం అన్నట్టు. నీ ముందు టైర్లు రెండూ సమానమైనయి, ఎడమదైతే లోపలంచు ఇంకా కిందికి పోయింది, అలైన్‌మెంట్, అదే చక్రాలు సూటిగ పెట్టిచ్చుడు, ఎన్నడు చేపిచ్చినవో ఏమో. గుండైన టైరు 185 అయినా గుండే, 205 అయినా గుండే.

నీళ్లల్ల అసలు వెడల్పే మనకు శత్రువు. పొలంల దమ్ము కొట్టినంక పలక తోలుతరు చూసినవా, దాని మీద మనిషెక్కి నిలబడ్డా బురద మీద తేల్కుంటనే పోతది, అదే నాగలి కర్రు అయితే చీల్చుకుంట దిగుతది. టైరు కూడ గంతే. రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు స్పీడుల పోతే టైరు ఆ నీళ్లను పక్కలకు తోసెయ్యాలె, వెడల్పు పెరిగినకొద్ది తోసే నీళ్లు ఎక్కువ, గీతలల్ల లోతు లేకుంటే తోసే జాగనే లేదు, ఇగ నీళ్ల మీద ఎక్కి తేల్తది, స్టీరింగ్ తిప్పినా బ్రేకు కొట్టినా వినదు. ఒక్కో టైరు నేలకు ఆనేది నీ అరచెయ్యంత జాగ గంతే, వెడల్పు పెంచితే ఆ జాగ ఏం మస్తుగ పెరగదు, ఎక్కువ మటుకు ఆకారమే మారుతది, పొడుగు తగ్గి అడ్డం పెరుగుతది. పొడి రోడ్డు మీద, మలుపుల కాడ వెడల్పు పనికొస్తది, కాదనను. కాని నువ్వు జారింది వానల.

ఇగ అసలు ముచ్చట. టైరు వెడల్పు టైరును చూసి ఎంచుకునేది కాదు, రిమ్మును చూసి ఎంచుకునేది. నీ రిమ్ము ఎనకదిక్కు 15×5½ జె అని అచ్చు ఉంది, ఫోటోల మసకగ ఉంది గాని చదివిన. 15 అంటే రిమ్ము అడ్డకొలత, ఇంచులల్ల, ఇది అందరు చూస్తరు. 5½ అంటే టైరు కూసునే పల్లెం వెడల్పు, దీన్ని ఎవ్వడు చూడడు. 185/65 టైరుకు (గీత ఎనక అంకె టైరు గోడ ఎత్తుది, కింద లెక్క చెప్త) 5 నుంచి 6½ ఇంచుల దాకా రిమ్ము పనికొస్తది, సరిగ్గ సరిపడేది 5½. అంటే కంపెనీ నీకు ఇచ్చిన టైరు, రిమ్ము జోడీ సరిగ్గ కుదిరినదే. 195/65కు గాని 195/60కు గాని 205/60కు గాని కనీసం 5½ ఉండాలె, సరిపడేది 6. కాబట్టి 205 నీ రిమ్ము మీద ఎక్కుతదా అంటే ఎక్కుతది, దుకాణపాయన అబద్ధం చెప్తలేడు, కాని అడుగుమెట్టు మీద కాలు పెట్టి నిలబడ్డట్టు. కింద మూతి బిగుసుకపోయి పైన పొట్ట ఉబ్బినట్టయితది, టైరు గోడలు లోపలికి ఒంగుతయి, స్టీరింగ్ తిప్పినంక బండి కొంచెం ఆగి తిరుగుతది, నడుమ గీతలు ముందుగాల అరుగుతయి. ఇంకో సంగతి, రిమ్ము అరంగుళం సన్నగుంటే టైరు కూడ 5 మిల్లీమీటర్ల దాకా సన్నబడ్తది. 195కు పైసలు కట్టి 190 నడుపుకున్నట్టు.

సియాజ్‌లనే పై మోడల్ ఆల్ఫాకు 195/55 టైరు వచ్చింది కదా అని నువ్వంటవు, నాకు తెల్సు. వచ్చింది, కాని దానికి రిమ్ము 16 ఇంచులది. కంపెనీవాడు టైరు వెడల్పు 10 పెంచెటప్పుడు రిమ్మును మార్చిండు, టైరు గోడ ఎత్తు తగ్గిచ్చిండు, అన్నీ చేసినంక చక్రం మొత్తం ఎత్తు చూస్తే దాదాపు పాతదే.

ఆ ఎత్తు లెక్క నీకు చేసి చూపెడ్త, నువ్వే క్యాలిక్యులేటర్ల కొట్టుకోవచ్చు. 185/65 అంటే వెడల్పు 185, దాంట్ల నూటికి 65 గోడ ఎత్తు, అంటే 120.25. కింద మీద రెండు గోడలు, 240.5. 15 ఇంచుల రిమ్ము 381 మిల్లీమీటర్లు. మొత్తం 621.5. ఇప్పుడు 195/60 పెడ్తే 117 రెండు సార్లు 234, దానికి 381, మొత్తం 615. ఒక్క శాతం తక్కువ, బండి మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతది, ఫర్వాలేదు. 195/65 అయితే 634.5, రెండు శాతం ఎక్కువ. 205/60 అయితే 627, ఎత్తుకైతే పేరు పెట్టనీకి లేదు. 205/65 అయితే 647.5, నాలుగు శాతం దాటింది. మేం పాటించే అందాజ ఏందంటే పాత ఎత్తుకు మూడు శాతం దాటి పోవద్దు. దాటితే మీటరు తప్పు చూపెడ్తది, గేరు లెక్క మారుతది, టైరు మడ్‌గార్డుకు రాస్తది.

గివన్నీ చదివి చెప్తున్న అనుకునేవు, దెబ్బ తిని చెప్తున్న. నేను సెకండ్ హ్యాండుల తీసుకున్న ఆ తెల్ల కారు యాదికుందా, దానికి కూడ 185/65నే ఉండె. డిపోల బస్సుల టైర్లు చూసినోన్ని, కారు టైరు ఎంత అనుకొని, ఒక దుకాణంల ఆయన 205/65 ఉన్నయి, ఎత్తుగుంటది, గుంతలల్ల తగలది అంటే ఎయ్యిచ్చిన. చూడ్డానికి మంచిగుండె, అబద్ధమెందుకు, మీ అత్త కూడ పెద్ద కారు లెక్క ఉందన్నది. ఆ వారమే శ్రీశైలం పోయినం, మేమిద్దరం, మీ అమ్మ, మీ తాత, వెనక సీట్ల నువ్వు కూడ ఉంటివి. డిక్కీల సామాను నిండ. మన్ననూరు దాటి ఘాట్ల స్టీరింగ్ పూర్తిగ తిప్పినప్పుడల్ల ముందు ఎడమదిక్కు గర్ర్ గర్ర్ అని సప్పుడు. ముందుగాల రాయి ఇరికిందనుకున్న, దోమలపెంట కాడ ఆపి వంగి చూస్తే టైరు పైనుండే ప్లాస్టిక్ లైనర్ చెయ్యంత పొడుగు చిరిగి వేలాడుతున్నది, టైరు భుజం మీద రాసిన మరక నల్లగ మెరుస్తున్నది. మీ తాత శివుడు రమ్మంటలేడురా అనుకుంట కూసుండు. దాన్ని తాడుతోని కట్టి, నలభై స్పీడుల పొయ్యి వచ్చినం. ఖాళీ బండి దుకాణం ముందట తిప్పి చూసినప్పుడు ఎక్కడా తగలలే, ఐదుగురు కూసున్నంక స్ప్రింగు దిగి తగిలింది. లీటరుకు 17 ఇచ్చే బండి 15కు వచ్చింది. లెక్క ప్రకారం మీటరు 96 చూపెడ్తుంటే మేం 100ల పోతున్నట్టు. నాలుగు నెలలకు సగం ధరకు అమ్మి మళ్ల 185 ఎయ్యిచ్చిన.

డిపోల ఇట్లాంటి తప్పు చేస్తే మెమో ఇస్తుండె. బస్సుకు వెనక జోడి టైర్లుంటయి కదా, అండ్ల ఒకటి ఎత్తుగ ఒకటి పొట్టిగ పెడ్తే ఎత్తుది ఒక్కటే బరువు మోసి వేడెక్కి పేల్తది, అందుకే జోడి కలిపే ముందు కొలిచి కలుపుతుంటిమి. అంత తెలిసి నా కారు కాడికి వచ్చేసరికి కొలవకుంట ఎయ్యిచ్చిన చూడు.

సరే, మరి నువ్వు ఏం ఎయ్యాలె. నా మాట అయితే 185/65 ఆర్15 (15 ఇంచుల రిమ్ముది), 88 హెచ్ (ఇదేందో కింద చెప్త), ఉన్నదే మళ్ల. 205కు పెట్టే పైసలతోని అదే సైజుల ఇంకో మెట్టు పై టైరు వస్తది, వానల మంచిగ పట్టే మెత్త రబ్బరుది అడిగి తీసుకో, మిగిలిన దాంట్ల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వులు. కంపెనీ పేరు నేను చెప్పను, ఎంఆర్ఎఫ్ అయినా అపోలో అయినా బ్రిడ్జ్‌స్టోన్ అయినా ఒక్కో కంపెనీలనే మంచివి మామూలువి రెండూ ఉంటయి.

లేదు మామా నాకు కొంచెం వెడల్పు ఉండాల్నే అని మనసు గుంజితే 195/60 దాకా పో, అది కూడ నాలుగింటికి నాలుగు. వారానికి రెండు సార్లు నార్కట్‌పల్లి ఎక్కి హైదరాబాద్ పొయ్యి వచ్చేటోనివి, హైవే మీద మలుపుల ఒక రవ్వ గట్టిగ అనిపిస్తది. కాని గోడ మూడు మిల్లీమీటర్లు తగ్గుతది, ఊర్లల్లకు పోయే దారుల గుంతలు రిమ్ముకు ఇంకొంచెం దగ్గరైతయి. 195/65 చాన మంది ఎత్తు కోసం ఏస్తరు, అది కూడ తప్పు అనను, ఎత్తు మూడు శాతం లోపలే ఉంది, కాని నిండ లోడుతోని స్టీరింగ్ రెండు దిక్కుల పూర్తిగ తిప్పి తగులుతలేదని చూసుకున్నంకనే పైసలు ఇయ్యి. ఖాళీ బండితోని చూడకు, దుకాణంల పనిచేసే పొల్లగాండ్లను నలుగురిని ఎక్కిచ్చుకో, నవ్వితే నవ్వనియ్యి.

ఒకటి మటుకు అస్సలు ఒప్పుకోకు. స్టాకు లేదు, 185/60 ఉంది, సేమ్ వెడల్పే కదా అంటరు. ఎత్తు 603కు పడిపోతది, మూడు శాతం అక్కడ్నే అయిపోయింది. అదొక్కటే కాదు, సైజు పక్కన ఉండే 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తదని, 185/60 మీద మామూలుగ 84 ఉంటది, 500 కిలోలే. పక్కన హెచ్ అంటే 210 స్పీడు దాకా తట్టుకుంటదని, టీ అయితే 190. స్పీడు నీకెందుకు గాని, ఆ బరువు అంకె 88 కంటే తగ్గనియ్యకు. దసరాకు ఊరికి వచ్చి పోయేటప్పుడు మీ అత్త కట్టిచ్చే బియ్యం బస్తాలు, పచ్చడి డబ్బాలు, మీ అందరి బరువు, అన్నీ ఆ నాలుగు టైర్ల మీదనే.

ఆర్టీవో ముచ్చట కూడ అడిగినవు. కంపెనీ నీ మోడల్‌కు ఇచ్చిన సైజుల ఉంటే ఎవ్వనికి జవాబు చెప్పే పని లేదు. దాన్ని దాటితే రేపు ఏదన్న అయినప్పుడు ఇన్సూరెన్సోనికి ఒక సాకు దొరుకుతది. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటది, సైజు, గాలి ఎంత కొట్టాలె అని, అది ఫోటో తీసి ఫోన్ల పెట్టుకో. గాలి పొద్దుగాల బండి చల్లగున్నప్పుడు చూపియ్యి. ఎండకాలం కదా అని వేడి మీదున్న టైరుల గాలి తీసేస్తరు కొందరు, చల్లారినంక అది తక్కువయితది, తక్కువ గాలి టైరే ఎక్కువ వేడెక్కుతది. నైట్రోజన్ అని ఇంకో వంద అడుగుతరు, మామూలు గాలిలనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నీ ఇష్టం.

దుకాణంల టైరు విప్పకముందే నాలుగింటికి ఆ డీఓటీ నంబరు చూడు, రెండు ఒకలాగ రెండు ఒకలాగ ఉన్నా ఏడాది లోపలివి అయితే తీసుకో, అంతకంటే పాతవి అయితే వేరేవి తెప్పియ్యమను. టైరు మీద బాణం గుర్తు గాని అవుట్‌సైడ్ అని గాని ఉంటే ఆ దిక్కే రావాలె, హడావుడిల ఉల్టా ఎక్కిస్తరు. పసుపు చుక్క ఉంటే వాల్వు కాడికి రావాలె. బిల్లుల టైర్ నంబర్లు రాపిచ్చుకో. బ్యాలెన్సింగ్ చేసెటప్పుడు పక్కన నిలబడు, చాయ్ తాగనీకి పోకు. పైసలు చాలక ఇప్పుడు రెండే కొంటే అవి వెనక ఎయ్యి, ముందు కాదు. బస్సులకు మేం కొత్తవి ముందు ఏస్తుంటిమి, అది వేరే లెక్క, కారుకు వానల వెనక జారితే నువ్వు ఆపలేవు.

కొత్తవి ఎక్కినంక రెండు మూడు వందల కిలోమీటర్లు నిమ్మళంగ పో, పైపొర అరిగేదాక పట్టు తక్కువుంటది. ఇగ పంటలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరవోస్తరు కదా, దాని మీద ఏ టైరు కూడ ఆగదు, అక్కడ బ్రేకు కొట్టకు, ముందే యాక్సిలేటర్ వదులు. తుమ్మ ముల్లు గోడల దిగితే పంక్చర్ ఎయ్యిచ్చి నడపకు, గోడ పంక్చర్ నిలబడదు, టైరు మార్చుడే.

నాలుగు టైర్ల ఫోటోలు పంపినవు గాని స్టెప్నీది పంపలే. అది కూడ 2018దే అయ్యుంటది, ఎన్నడు కిందికి దించినవో కూడ నీకు యాదుండదు. ఇయ్యాల్నే డిక్కీల సామాన్లు తీసి దాని సైజు చూడు, గాలి ఉందో లేదో చూడు, ఫోటో పంపు.