ఉగ్రవాద కేసులు వాదించాలంటే ముందు జిల్లా కోర్టు

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడాది. ఉగ్రవాద కేసులు, దేశ భద్రత చట్టాల్లోనే ప్రాక్టీస్ చేస్తానంటోంది. ఢిల్లీలో దీనికి ఏడాది డిప్లొమా ఉందని ఎవరో చెప్పారు. చేర్పించమంటారా? ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ)లో ఉద్యోగం వస్తుందా? ఆడపిల్ల కదా, భయంగానూ ఉంది. – ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: డిప్లొమాకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఉగ్రవాద కేసుల్లో పేరున్న లాయర్లంతా ముందు మంచి క్రిమినల్ లాయర్లే. దొంగతనం కేసులో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం రానివాళ్లకు బాంబు పేలుడు కేసులోనూ రాదు.

చట్టాలు మరీ ఎక్కువేమీ లేవు. 1967 నాటి ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం), ముంబై దాడుల తర్వాత 2008 డిసెంబరులో వచ్చిన ఎన్‌ఐఏ చట్టం, ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉగ్రవాద చర్యలపై 113వ సెక్షన్. పాత ఉగ్రవాద నిరోధక చట్టాలు టాడా, పోటా పోయినా వాటిలోని చాలా నిబంధనలు సవరణల రూపంలో ఉపాలోకి చేరాయి కాబట్టి ఆ పాత తీర్పులూ చదవాల్సిందే. అసలు కష్టమంతా ప్రొసీజర్‌లో ఉంది. ఉపా కేసులో చార్జిషీట్‌కు గడువు 180 రోజుల దాకా పెరగొచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, ఉపాలోని 43డి(5) కింద బెయిల్ రాదు. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా అన్వయించింది. 2021లో నజీబ్ కేసులో మాత్రం, విచారణ ఏళ్ల తరబడి సాగితే రాజ్యాంగ న్యాయస్థానాలు (హైకోర్టులు, సుప్రీంకోర్టు) బెయిల్ ఇవ్వవచ్చని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. రుజువు కాకముందే ఏళ్లకేళ్లు జైల్లో ఉండేవాళ్ల తరఫున నిలబడే లాయరు కూడా ఈ రంగానికి కావాలి. అమ్మాయి ప్రాసిక్యూషన్ వైపే ఆలోచిస్తుంటే, ఈ వైపూ చూడమని నా మాటగా చెప్పండి.

హైదరాబాద్‌లోనే చూడండి. 2007 మక్కా మసీదు పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018లో సాక్ష్యాలు చాలవని వదిలేశారు. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురికి 2016లో పడిన మరణశిక్షను 2025లో హైకోర్టు సమర్థించింది. రెండూ ఎన్‌ఐఏ కేసులే. కోర్టులో ఏ సాక్ష్యం నిలబడింది, ఏది నిలబడలేదు అన్నదే ఇక్కడ ప్రశ్న. ఇవాళ సాక్ష్యంలో పెద్ద భాగం ఫోన్లలో ఉంటుంది. ఆ డేటా కోర్టులో చెల్లాలంటే పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం పరికరం బాధ్యత ఉన్నవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి, డేటా హాష్ విలువ (డేటా మారలేదని సరిచూసుకునే కోడ్) రాయాలి. ఆ కాగితాన్ని చూడగానే లోపం పట్టగలిగే జూనియర్‌ను ఏ సీనియరూ వదులుకోడు.

ఉద్యోగాల సంగతి. ఎన్‌ఐఏలో ఎస్సై పోస్టులు కేంద్ర ఉద్యోగాలకు డిగ్రీ స్థాయిలో జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. వాటికి లా డిగ్రీ అక్కర్లేదు, పని కూడా వాదించడం కాదు, దర్యాప్తు. పై స్థాయిలో ఐపీఎస్‌లు డిప్యుటేషన్‌పై వస్తారు. ఎన్‌ఐఏ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే, అడ్వకేట్‌గా కనీసం ఏడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని చట్టంలోనే ఉంది. మీ అమ్మాయికి నేను సూచించేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టు. నోటిఫికేషన్లు ఏటా రావు. అందుకే బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే వకాల్తాలు, కేసుల వివరాలు దాచుకోవాలి. ప్రాక్టీస్ రుజువు అడిగినప్పుడు చాలామంది అక్కడే చిక్కుకుంటారు.

భయం గురించి. మొదటి ఏడెనిమిదేళ్లు ఇలాంటి కేసు ఆమె ఒక్కదాని చేతికి రాదు, సీనియర్ వెనకే ఉంటుంది. నన్నడిగితే మీరు ముందు ఆలోచించాల్సింది డబ్బు సంగతి. జూనియర్‌గా చేరిన రెండు మూడేళ్లు చేతికొచ్చేది తక్కువ, ఇంటి నుంచి పంపాల్సి రావచ్చు. డిప్లొమాకు అనుకున్న సొమ్మును అప్పటికి ఉంచండి.

ఈ వేసవి సెలవుల్లో ఖమ్మం జిల్లా కోర్టులో ట్రయల్స్ చేసే లాయరు దగ్గర ఇంటర్న్‌షిప్‌కు పంపండి. తీర్పు వచ్చేసిన సెషన్స్ కేసు ఫైలు ఒకటి తీసుకుని, ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, పంచనామా, చార్జిషీట్, సాక్షుల వాంగ్మూలాలు వరుసగా చదివి, శిక్ష ఎందుకు పడిందో, ఎందుకు పడలేదో రెండు పేజీల్లో రాయమనండి. రాశాక కూడా ఇదే పని కావాలంటే, ఎన్‌ఐఏ కోర్టులో వాదించే సీనియర్ల దగ్గర చేరే ప్రయత్నం నాలుగో ఏడాదిలోనే మొదలుపెట్టవచ్చు.